నానమ్మ నోరు తెరిస్తే నవ్వెందుకు?

ప్రశ్న: అక్కా, మాది పర్లాకిమిడి. బజారులో చిన్న ఫ్యాన్సీ షాపు ఉంది. ఇంట్లో తెలుగు, వీధిలోకి వెళ్తే ఒడియా. నాకు టీవీ కామెడీ అంటే ప్రాణం. జబర్దస్త్ మొదలైన దగ్గర నుంచీ గురువారం, శుక్రవారం షాపు తొందరగా కట్టేసి ఇంటికి పరిగెత్తేవాణ్ణి. మా అమ్మాయి ఎనిమిదో తరగతి, ఒడియా మీడియం. తెలుగు చదవడం రాదు కానీ టీవీ చూసి గలగలా మాట్లాడుతుంది. మా అమ్మ పుట్టిల్లు పాతపట్నం దగ్గర పల్లె. 'ఏటే గుంటా, బేగి రా, కూడు తినీసి ఎల్లు' అంటే చాలు, పిల్ల పగలబడి నవ్వుతుంది. మొన్న ఇంటికొచ్చిన ఫ్రెండ్స్ ముందు అదే మాటను సాగదీసి, టీవీలో పనిమనిషి వేషం వేసినట్టు చేసి చూపించింది. అందరూ నవ్వారు. అప్పటి నుంచి ఎవరొచ్చినా అమ్మ వంటింట్లోంచి బయటికి రావడం లేదు. అడిగితే 'ఒగ్గీయ్ నాయినా, గుంటకేటి తెలుసు' అంది. పిల్లని తిట్టాను. 'టీవీలో అలా మాట్లాడితే నువ్వూ నవ్వుతావుగా నాన్నా' అంది. నాకు మాట రాలేదు. టీవీ కట్టించేయాలా? ఇంత ఇష్టమైన కామెడీ మానేయాలా? చాలా టెన్షన్‌గా ఉంది. పేరు వెయ్యొద్దు.

జవాబు: తమ్ముడూ, అక్కా అన్నావు కాబట్టి 'నువ్వు' అనే రాస్తాను. నాది టెక్కలి. నౌపడ నుంచి గుణుపురం వెళ్లే రైలు మా ఊరు దాటి, మీ అమ్మగారి పాతపట్నం దాటి, మీ ఊరికి వస్తుంది. ఆ రైలు పెట్టెలో వినిపించే మాటే మా ఇంట్లోదీ. 'ఒగ్గీయ్ నాయినా' అన్న మాట దగ్గర నీ ఉత్తరం పక్కన పెట్టి కాసేపు కూర్చున్నాను. మా అమ్మ కూడా నన్ను అచ్చంగా అలాగే క్షమించింది. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ముందు నీ ప్రశ్నకు సూటిగా జవాబు. టీవీ కట్టించకు. కామెడీ మానకు. నీ కూతురికి బడిలో తెలుగు లేదు, పుస్తకంలో తెలుగు లేదు. ఉన్నదల్లా ఇంట్లో నానమ్మ, హాల్లో టీవీ. ఇప్పటికే నానమ్మ వంటింట్లోకి వెళ్లిపోయింది. టీవీ కూడా తీసేస్తే ఆ పిల్ల తెలుగుకి మిగిలేదేంటి? పైగా హాల్లో కట్టేసింది ఫోన్‌లో చూస్తుంది, ఒంటరిగా చూస్తుంది. అప్పుడు పక్కన కూర్చుని ఒక మాట అనడానికి నీకు చోటే ఉండదు.

టీవీ చూసి తెలుగు నేర్చుకోవడం తక్కువ విషయమేమీ కాదు. మనందరం మెచ్చుకునే సుమ గారి మాతృభాష మలయాళం. తెలుగు ఆవిడ నేర్చుకున్న భాషే. ఆవిడ స్టార్ మహిళ చేసిన రోజుల్లో ఎక్కడెక్కడి నుంచో వచ్చిన గృహిణులు వాళ్ల వాళ్ల యాసలోనే మాట్లాడేవాళ్లు. ఆవిడ వాళ్లను ఆటపట్టించేది, వాళ్లూ తిరిగి ఆవిడకు అంటించేవాళ్లు. నవ్వంతా ఆ ఇచ్చిపుచ్చుకోవడంలో ఉండేది. ఆడవాళ్లు ఇంటికి వెళ్లేటప్పుడు ముఖం చాటేసుకుని వెళ్లలేదు. మీ ఇంట్లో నానమ్మ చాటేసుకుంది. ఈ రెండింటి మధ్య ఏం తేడా ఉందో నీ కూతురికి అర్థమైతే చాలు, టీవీ తన పాటికి తను నడుస్తుంది.

నేనూ నీలాంటి అభిమానినే తమ్ముడూ. 2013లో ఈటీవీలో జబర్దస్త్ మొదలైనప్పుడు మా ఇంట్లో గురువారం వంట తొమ్మిదింటికల్లా అయిపోవాలని నియమం పెట్టాను. ఆ షోలో నాకు నచ్చింది నచ్చిందనే చెబుతాను. నలుగురైదుగురు మనుషులు ఒక మంచం, రెండు కుర్చీలు పెట్టుకుని, కొద్ది నిమిషాల్లో ఒక ఇల్లు కట్టి, అందులో ఒక తగువు పెట్టి, ముగించేస్తారు. అది తేలిక కాదు. గెటప్ శ్రీను ఒక వేషంలోంచి ఇంకో వేషంలోకి దూకడం, చమ్మక్ చంద్ర మొగుడూ పెళ్లాల గొడవను లాగి లాగి పట్టుకోవడం చూస్తే ఇప్పటికీ నాకు చప్పట్లు కొట్టాలనిపిస్తుంది. మన శ్రీకాకుళం నుంచి వెళ్లిన షకలక శంకర్ ఆ స్టేజీ మీద నిలబడినప్పుడు మా వీధి వీధంతా టీవీకి అతుక్కుపోయింది. మనవాడు, మన మాట.

నచ్చనిదీ చెప్పాలి. లావుగా ఉన్నవాళ్ల మీద, నల్లగా ఉన్నవాళ్ల మీద వేసే పంచ్‌లు నాకు ఏనాడూ నవ్వు తెప్పించలేదు. వాటి గురించి ఎక్కువ రాయను, నీ సమస్య అది కాదు. నీ సమస్య యాస. అక్కడ చాలా స్కిట్లు ఒక పని చేస్తాయి. మన వైపు యాస మాట్లాడే పాత్ర రాగానే, ఆ పాత్ర ఇంకా జోకు వేయకముందే, నోరు తెరిచి 'ఏటి' అనగానే నవ్వుల సౌండ్ వేస్తారు. జడ్జీలు నవ్వుతారు. మనమూ నవ్వేస్తాం. జోకు ఎక్కడుంది? లేదు. మనిషి మాట్లాడాడు, అంతే. ఇలా పదేళ్లు చూసిన పిల్లకు ఏం తెలుస్తుంది? 'ఏటి' అనే మాట వినగానే నవ్వాలి అని తెలుస్తుంది. నానమ్మ 'ఏటే గుంటా' అంది, పిల్ల నవ్వింది. దానిలో పొగరు లేదు, అలవాటే ఉంది. అందుకే పిల్లను తిట్టడం వల్ల ఏమీ రాలేదు.

నా దగ్గర ఒక పరీక్ష ఉంది. చాలా ఏళ్లుగా ప్రతి కామెడీకీ పెట్టి చూస్తున్నాను. స్కిట్‌లో నవ్వొచ్చిన డైలాగును పట్టుకుని వేరే యాసలో చెప్పి చూడాలి. శ్రీకాకుళం మాటలో ఉంటే గుంటూరు మాటలోకి మార్చు, లేదా న్యూస్ చదివే అమ్మాయి మాటలోకి మార్చు. అప్పటికీ నవ్వొస్తే అది నిజంగా జోకు, రాసినవాడికి దండం పెట్టాల్సిందే. నవ్వు పోయిందంటే అక్కడ ముందు నుంచీ జోకు లేదు, ఒక ఊరి మనుషులను చూపించి నవ్వించారంతే. ఈ పరీక్ష నీ కూతురితో ఆటలాగా ఆడు. మీ ఇంట్లో ఇంకా బాగా కుదురుతుంది, ఆ పిల్లకు ఒడియా కూడా వచ్చు కదా. 'ఈ డైలాగు ఒడియాలో చెప్పి మీ ఫ్రెండ్‌ని నవ్వించు చూద్దాం' అను. ఎనిమిదో తరగతి పిల్లకు అలాంటి పందెం చాలా నచ్చుతుంది. నెల రోజుల్లో ఏ స్కిట్ బాగుందో, ఏది ఉత్త సౌండో నీ కంటే ముందు తనే చెబుతుంది. ఉపన్యాసం మాత్రం ఇవ్వకు. 'నానమ్మను గౌరవించాలి' అని నువ్వు మొదలుపెడితే రిమోట్ నొక్కినట్టు చెవులు మూసుకుంటుంది.

ఈ పరీక్షలో ఎప్పుడూ నెగ్గేది ఏదంటే అమృతం. 2001 నుంచి 2007 దాకా జెమినీలో ఆదివారాలు వచ్చేది, నీకు గుర్తుండే ఉంటుంది. గుణ్ణం గంగరాజు గారు తీశారు. అమృతరావు, ఆంజనేయులు ఇద్దరు స్నేహితులు, వాళ్ల పెళ్లాలు, నడవని ఒక హోటలు, అద్దె కోసం వచ్చే ఇంటి ఓనరు అప్పాజీ, హోటల్లో పనిచేసే సర్వం. అమృతరావుగా శివాజీరాజా, నరేష్, హర్షవర్ధన్ ముగ్గురు మారారు. మనిషి మారినా మనం చూడటం మానలేదు. ఎందుకంటే మనం నవ్వింది వాళ్ల ముఖం మీద కాదు, వాళ్ల ఆశ మీద. ఒళ్లు వంచకుండా రాత్రికి రాత్రి డబ్బు సంపాదించాలనే ఆశ, పెళ్లాల దగ్గర దాచడం, దొరికిపోవడం, మళ్లీ వారం ఇంకో ప్లాన్. ఆ ఆశ నాలో ఉంది, నీలో ఉంది. గుండు హనుమంతరావు గారు అంజిగా కళ్లు పెద్దవి చేసి అమృతరావు ప్లాన్‌ను నమ్మేయడం చూస్తే, మా మావయ్య చిట్టీ వ్యాపారం గురించి విన్నప్పుడు పెట్టిన ముఖం గుర్తొచ్చేది. ఆయన 2018లో పోయారు. ఆ వార్త విన్న రోజు సొంత ఇంటి మనిషి పోయినట్టే అనిపించింది. ఇంతగా నవ్వించిన మనిషి ఎవరినీ చిన్నబుచ్చలేదు. అందుకే ఆయనంటే నాకు అంత ఇష్టం.

'అలాగైతే యాస ఉన్న కామెడీ అసలు చూడకూడదా అక్కా' అని అడుగుతావేమో. చూడాలి. ఇంకా రావాలి. తెలంగాణ మాట సంగతి చూడు. ఒకప్పుడు మన సినిమాల్లో ఆ మాట రౌడీకో కమెడియన్‌కో ఇచ్చేవాళ్లు. తర్వాత వీ6లో తీన్మార్ వార్తలు వచ్చాయి. బిత్తిరి సత్తి అదే మాటలో లోకం తీరును ఏకిపారేస్తుంటే అందరూ నవ్వారు. ఆ నవ్వు అతని మాట మీద కాదు, అతను చెప్పిన విషయం మీద. ఆ తర్వాత 2023లో బలగం వచ్చింది. తీసిన వేణు ఎల్దండి ఎవరు? జబర్దస్త్‌లో టీమ్ లీడర్‌గా స్కిట్లు చేసిన వేణునే. సిరిసిల్ల మనిషి, సొంత మాటలోనే సినిమా మొత్తం తీశాడు. చావింట్లో జరిగే తగాదాల మీద నవ్విస్తూ నవ్విస్తూ ఏడిపించాడు. ఊళ్లలో తెర కట్టుకుని జనమంతా ఒక్కచోట కూర్చుని చూశారు. మన యాసకు అలాంటి రోజు ఇంకా రాలేదని నా బాధ. వస్తుంది, రావాలి. మీ ఇంట్లో ఉన్న పిల్లల్లాంటి వాళ్లే తేవాలి.

ఇప్పుడు మీ ఊరి మాట. మీ అమ్మాయి రోజూ నడిచే ఆ పర్లాకిమిడి వీధుల్లోనే ఒక మాస్టారు ఉండేవారు. గిడుగు రామమూర్తి పంతులు గారు. 1880లో రాజావారి బడిలో పంతులుగా చేరారు. మనుషులు మాట్లాడుకునే తెలుగే రాయాలి, అదే బడిలో చెప్పాలి అని పెద్ద పెద్ద పండితులతో ఏళ్ల తరబడి పోట్లాడారు. ఆయన పుట్టిన ఆగస్టు 29నే ఇప్పుడు తెలుగు భాషా దినోత్సవం చేస్తున్నాం. చుట్టుపక్కల కొండల్లో ఉండే సవరల మాటను అప్పట్లో ఎవరూ లెక్కచేసేవాళ్లు కాదు. ఆయన వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. దానికి రాత లేకపోతే తెలుగు లిపిలో వాళ్ల పిల్లలకు పుస్తకాలు రాశారు. నిఘంటువు చేశారు. నేను మీ ఊరు వచ్చినప్పుడల్లా ఆ సంగతి తలచుకుంటాను. ఈ యాస మాట్లాడే వాళ్ల మధ్యనే బతికిన మనిషి, మాటకు ఎక్కువ తక్కువ లేదని దేశానికి చెప్పింది మీ ఊరి నుంచే. అదే ఊళ్లో ఒక పెద్దావిడ తన మాటకు సిగ్గుపడి వంటింట్లో కూర్చుంది అంటే నాకు చాలా కష్టంగా ఉంది.

ఆయన చేసిన పనే నీ కూతురితో చేయించమని నా సలహా. ఒక నోటు పుస్తకం కొనివ్వు, షాపులోనే ఉంటాయి కదా. నానమ్మ వాడే మాటలు రోజుకు రెండు రాయమను. తెలుగు రాయడం రాదు కాబట్టి ఒడియా లిపిలో రాయమను. గిడుగు వారు సవర మాటను తెలుగు అక్షరాల్లో రాసినట్టే ఇదీ. 'బేగి' అంటే వేగిరం, 'గుంట' అంటే పిల్ల, 'ఒగ్గీయ్' అంటే వదిలేయ్. పక్కన ఆ మాట నానమ్మ ఎప్పుడు అంది, ఎవరితో అంది అని ఒక వాక్యం. అర్థం తెలియకపోతే ఎవరిని అడగాలి? వంటింట్లోకే వెళ్లి అడగాలి. ఆ పిల్ల ఒకసారి అడిగితే మీ అమ్మగారు ఒక మాటతో ఆగరు, వాళ్ల పల్లె, వాళ్ల పొలం, వాళ్ల ఊరికి వచ్చిన జముకుల కథ, అన్నీ చెబుతారు. బుర్రకథలో పక్కన నిలబడి నవ్వించేవాణ్ణి ఏమంటారో అడగమను. 'హాస్యం' అనే పేరే ఉంది ఆ మనిషికి. టీవీ పుట్టక ముందు కామెడీ ఎలా ఉండేదో చూసిన మనిషి మీ ఇంట్లోనే ఉన్నారు తమ్ముడూ.

కానీ దీనికంటే ముందు నువ్వు చేయాల్సింది ఒకటి ఉంది, అది కష్టం. 'నువ్వూ నవ్వుతావుగా నాన్నా' అని పిల్ల అన్నది నిజం. నిజం చెప్పింది కాబట్టి తనకు నీ దగ్గర నిజమే రావాలి. 'అవును, నేనూ ఆలోచించకుండా నవ్వాను, మా అమ్మ మాటే అదని నాకు తట్టలేదు' అని చెప్పు. చెప్పి వదిలేయ్, పొడిగించకు. తర్వాత పిల్ల లేనప్పుడు అమ్మ దగ్గర కూర్చో. సారీ అనే మాట ఆవిడకు పరాయిగా ఉంటుంది. ఆవిడ మాటలో మాట్లాడు. ఇంకో విషయం, నువ్వు షాపులో విశాఖ హోల్‌సేల్ వాళ్లతో ఫోన్‌లో ఏ తెలుగు మాట్లాడతావు? నీ ఉత్తరంలో రాయలేదు కానీ నాకు అనుమానం ఉంది. అక్కడ నువ్వు మాట మార్చేస్తుంటే పిల్ల అదీ వింటోంది. ఒక వారం మార్చకుండా మాట్లాడి చూడు. బేరం ఏమీ చెడదు.

ఇందాక మా అమ్మ సంగతి చెబుతానన్నాను. నేను హైదరాబాద్‌లో ఒక హాస్టల్లో ఉండి చదువుకున్నాను. మొదటి వారంలోనే 'ఏటి' అన్నాను, గదిలో వాళ్లు నవ్వారు. రెండో వారానికి నా నోట్లో 'ఏంటి' వచ్చేసింది. అంతవరకూ ఫర్వాలేదు. కానీ అమ్మ నన్ను చూడ్డానికి చుట్టాల కారులో వచ్చినప్పుడు గదిలోకి తీసుకెళ్లలేదు. గేటు దగ్గరే మాట్లాడి పంపించేశాను. అమ్మ తెచ్చిన జీడిపప్పు డబ్బా మాత్రం పైకి తీసుకెళ్లాను. ఆవిడకు అర్థమైంది. అన్నయ్య అడిగితే 'ఒగ్గీరా, దానికి పరీచ్చలు' అందట. ఆ మాట నాకు అమ్మ పోయాక తెలిసింది. క్షమాపణ అడగడానికి మనిషి లేదు. మీ అమ్మగారు ఉన్నారు, పక్క గదిలోనే ఉన్నారు. అందుకే ఇంత పొడుగు రాస్తున్నాను.

పిల్లకు స్కిట్లంటే ఇష్టం, అనుకరించడం వచ్చు. ఆ విద్యను చంపొద్దు. ఫ్రెండ్స్ ముందు నిలబడి ఒక మనిషి నడక, మాట పట్టుకుని చూపించగలిగింది అంటే మంచి విద్యే. తననే ఒక స్కిట్ రాయమను. ఒకే ఒక్క షరతు పెట్టు: యాస మాట్లాడే పాత్రే కథలో అందరికంటే తెలివైనదిగా ఉండాలి. ఫోన్‌లో ఆఫర్ అంటూ మోసం చేసే కాల్ వచ్చిందనుకో, ఇంట్లో చదువుకున్న వాళ్లంతా పడిపోతారు, నానమ్మ మాత్రం 'ఏటి బాబూ, ఓటీపీ నీకెందుకు? మీ అమ్మ కూడు పెట్టలేదేటి?' అని అడిగి వాణ్ణి పరిగెత్తిస్తుంది. ఈ మాట న్యూస్ తెలుగులోకి మార్చి చూడు, నవ్వు మిగులుతుంది. మన యాసలో చెబితే ఇంకాస్త పెరుగుతుంది. యాస ఉన్న కామెడీ అలా ఉండాలి.

ఒక్క జాగ్రత్త. అమ్మగారిని నటించమని బలవంతం చేయొద్దు. ఆవిడకు ఇష్టమైతే చేస్తారు, లేకపోతే కూర్చుని చూస్తారు. వీడియో తీస్తే ఆవిడను అడక్కుండా ఎవరికీ పంపొద్దు. ఒకసారి నలుగురిలో నవ్వులపాలైన మనిషి, రెండోసారి నమ్మడానికి టైమ్ తీసుకుంటుంది. ఫ్రెండ్స్ వచ్చినప్పుడు 'అమ్మా బయటికి రా' అని పిలవడం కూడా ఇప్పుడే వద్దు. పిల్లే వెళ్లి పిలిచే రోజు దాకా ఆగు. నోటు పుస్తకం నాలుగు పేజీలు నిండితే ఆ రోజు వస్తుందని నా నమ్మకం.

సీరియళ్ల గురించి, బిగ్ బాస్ గురించి కూడా ఉత్తరం చివర అడిగావు, చోటు లేక పైన వేయలేదు. సీరియల్ మీ ఆవిడ ఇష్టం, అందులో నువ్వు వేలు పెట్టకు. బిగ్ బాస్‌లో మనుషులు అరుచుకుంటుంటే చూసే ఓపిక నాకు లేదు, పిల్లతో కూర్చుని చూసేది మాత్రం కాదు.

దేనితో మొదలుపెట్టాలంటే అమృతంతోనే మొదలుపెట్టు. యూట్యూబ్‌లో ఎపిసోడ్లు ఉన్నాయి. రాత్రి వద్దు, మీ అమ్మగారు తొందరగా పడుకుంటారు. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక పెట్టు. మంచి కుర్చీ ఆవిడకు వెయ్యి. పక్క కుర్చీలో పిల్లను కూర్చోబెట్టు. మధ్యలో నువ్వు కూర్చోకు. అప్పాజీ అద్దె అడగడానికి వచ్చినప్పుడు మీ అమ్మగారు టీవీలో వాళ్లకు ఏదో ఒక సలహా ఇస్తారు, మన వైపు పెద్దవాళ్లకు ఆ అలవాటు ఉంది. ఆవిడ ఏమన్నారో పుస్తకంలో రాసుకోమని పిల్లకు సైగ చెయ్యి. నాకు కూడా రాసి పంపు.